కడాన పెట్టమన్న మనిషి

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఏడో తరగతే రెండుసార్లు చదివాను కాబట్టి లెక్కకు ఎనిమిది అనుకోవచ్చు. మా అయివారు మాత్రం అట్లా అనుకోలేదు. "నిన్ను ఇంకో యాడాది పెట్టుకుంటే బెంచీ అరిగిపోతాది గానీ నువ్వు అరగవు, పోప్పా" అని సాగనంపాడు. అట్లాంటివాణ్ణి, పుంగనూరులో మోటార్లకు కాయిల్ చుట్టుకుని బతికేవాణ్ణి, కంప్యూటరు ముందర కూర్చోబెట్టి యంత్రానికి భాష నేర్పే పనిలో భాగం ఇచ్చిన మనిషి ఒకాయన ఉండేవారు. మనుషులను అంచనా వెయ్యడంలో అంత తెలివితక్కువాయన ఇంకొకరు ఉండరు. మిగతా అన్నింటిలో ఆయనంత తెలివైన మనిషిని నేను చూడలేదు.

పోయిన నెల కుప్పం నుంచి ఆయన భార్య ఫోను చేసింది.

"మీ సారు పోయినారప్పా. నిన్న పొద్దున. పదో దినానికి రా."

నా నోటికి మంచి మాట కంటే ముందు జోకు వస్తుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రోజు అది కూడా రాలేదు.

"నీ కోసరం ఒక పుస్తకం పెట్టి పోయినారు. నాకు అర్థం కాలా. నీకు తెలుస్తాదన్నారు" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆయన పేరు రాయను. చేసిన బోర్డుల మీద కూడా ఆయన పేరు వేసుకోలేదు. పుంగనూరులో అందరూ జెర్రుల సారు అనేవాళ్ళు. పొట్టిగా, బూడిదరంగు ఒళ్ళుతో, రెండు పక్కలా వరసగా కాళ్ళతో ఉండే ఎలక్ట్రానిక్ చిప్పులను థర్మాకోలు ముక్కకు గుచ్చి జేబులో పెట్టుకుని తిరిగేవారు. చూస్తే జెర్రి పిల్లలను పట్టి తెచ్చుకున్నట్టే ఉండేది. ఆ పేరు పెట్టింది నేనే. ఆయనకు తెలుసు. ఒకసారి బిల్లు పుస్తకం మీద కూడా అట్లాగే రాయించుకోబోతే వాళ్ళావిడ ఆపింది.

ఆ చిప్పుల వీపు మీద చిన్న అద్దం కిటికీ ఉంటుంది. దాని గుండా ఎండ పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. అందుకని రాసిన ప్రతి చిప్పు కిటికీ మీదా ఆయన ఆడవాళ్ళ బొట్టుబిళ్ళ అంటించేవారు. ఫ్యాన్సీ స్టోరు భాయి దగ్గర అట్టలకు అట్టలు కొనేవారు.

"క్యా సార్, ఇంట్లో ఎంతమంది ఆడోళ్ళు ఉండారు మీకు?" అని భాయి అడిగితే, "ఇరవై ఎనిమిదేసి కాళ్ళుండేవి చానా మంది ఉండారు భాయ్" అన్నారు. నవ్వకుండా అన్నారు. భాయి ఆ తర్వాత ఆయనకు బొట్టుబిళ్ళలు అమ్మాడు గానీ మాట్లాడించలేదు.

ఆయన వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేవారు. అయితే ఒకటి నుంచి కాదు, సున్న నుంచి. టీ కొట్టు దగ్గర మేము ముగ్గురం ఉంటే బొటనవేలు కణుపు మీద ఆనించి "సున్న, ఒకటి, రెండు" అనేవారు. ఎప్పుడూ నాతోనే మొదలుపెట్టేవారు.

"సార్, మా అయివారు మార్కుల్లో ఏసిన సున్న చాలదని మీరు గూడా యాల పెడతారు?"

"సున్న అంటే ఏమీ లేదని కాదప్పా. మొదుటిదని అర్థం."

నన్ను మొదటివాడు అన్న మనిషి ఆయనొక్కరే. అందుకు ఆయనకు ఏం ఫలితం దక్కిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆయన సొంత ఊరు కుప్పం. బెంగళూరులో ఏదో ఫ్యాక్టరీలో సర్క్యూట్లు గీసేవారు. భార్యకు పుంగనూరు స్కూల్లో టీచరు ఉద్యోగం వస్తే అది వదిలేసి వచ్చి, నా షాపు వెనక గది బాడుగకు తీసుకున్నారు. ఒక కంప్యూటరు, దానికి వాళ్ళావిడ పాత చీరతో కుట్టిన ముసుగు, ఒక కుర్చీ. ముందర నేను వార్నీషు వాసనలో తీగ చుట్టుకుంటూ ఉంటే, వెనక ఆయన ముసుగు తీసి, దండం పెట్టి, మొదలుపెట్టేవారు.

ఆ రోజుల్లో మా పక్క త్రీఫేజు కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. ఎప్పుడొస్తుందో కరెంటాఫీసువాళ్ళకే తెలియదు. రైతు బావి దగ్గర పడిగాపులు పడాలి. సారు దానికి బోర్డు చేశారు. కరెంటు వస్తే మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, రెండు నిమిషాలు ఆగి, మోటారు తిప్పుతుంది. చెప్పినంత సేపు తిప్పి ఆపుతుంది. అయితే ఒక రైతు గంట చాలంటాడు, ఇంకొకడు రెండు గంటలు తిప్పి గంట ఆపమంటాడు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి రాస్తూ కూర్చుంటే జన్మ చాలదు. అందుకని ఆయన బోర్డులో రెండు జెర్రులు పెట్టారు. ఒకదానిలో రైతు కోరిక అంకెల వరసగా ఉంటుంది. రెండోది ఆ అంకెలను ఒక్కొక్కటే చదివి, ఏ అంకెకు ఏ పనో పట్టికలో చూసి, ఆ పని చేస్తుంది.

ఆ పట్టిక ఏమిటో నా బుర్రకు ఎక్కలేదు. ఎక్కలేదని చెప్పకుండా తల ఊపాను. నేను ఎప్పుడు తల ఊపితే అప్పుడు అర్థం కాలేదని ఆయనకు తెలుసు. మరునాడు బస్సెక్కించి మదనపల్లి టమాటా మార్కెట్‌కు తీసుకుపోయారు. వరసగా కాయలు వేలం వేసే మండీలు, ముందర లారీలు, కాలు పెడితే చితికిన కాయలు.

"ఆ డ్రైవరును సూడు. కర్ణాటకోడు, తెలుగు చదవలేడు. చేతిలో చీటీ ఉండాది. దాంట్లో ఏముంటాది?"

"మండీ నంబరు."

"అంతే. ఐదు అని ఉంటే ఐదో మండీ ముందర దించుతాడు. అది ఎవురి మండీనో, ఆడ కాయలను ఏం చేస్తారో వానికి అక్కర్లే. మన చిప్పు ఆ డ్రైవరే. పట్టిక ఈ మండీల వరస. ఇప్పుడు నాలుగుకూ ఐదుకూ నడమ కొత్త మండీ కట్టి, ఆడి నుంచి నంబర్లన్నీ మార్చి రాసినారనుకో. దోవలో వస్తాండే లారీల్లో పాత చీటీలే కదా ఉంటాయి. ఏమవుతాది?"

"ఐదో మండీకి పోవాల్సిన కాయలు కొత్తోడు అమ్ముకుంటాడు."

"మరి ఏం చెయ్యల్ల?"

"ఆ కొత్త మండీ నేనే కట్టల్ల సార్."

ఆయన ముక్కుతో నవ్వారు. అది అరుదు. నవ్వి, నా భుజం పట్టుకుని వరస చివరికి నడిపించారు. ఆఖరి మండీ పక్కన ఖాళీ స్థలం, పారబోసిన కుళ్ళు కాయలు, వాటిని తింటూ ఒక ఆవు.

"కొత్తది ఏదొచ్చినా ఈడ. కడాన పెట్టు. పాతోళ్ళ నంబరు ముట్టుకోవద్దు. గుర్తుంటాది కదా?"

కడాన, అంటే చివర, పెట్టు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఆయన బతుకంతా కడానే. బస్సులో ఆఖరి సీటు. పెళ్ళి పంక్తిలో ఆఖరి ఆకు. మా షాపు ప్రారంభానికి తీసిన ఫోటోలో ఎంత కడాన నిలబడ్డారంటే సగం మనిషే పడ్డారు. "ముందరికి రండి సార్" అని ఎవరైనా లాగితే, "నేను కొత్తగా వచ్చినోణ్ణి కదా" అనేవారు. పుంగనూరు వచ్చి ఎన్నేళ్ళయినా అదే మాట.

మొదట్లో ఆ పట్టికను ఆయన చేత్తోనే టైపు చేసేవారు. ఒకసారి ఒక వరస రెండుసార్లు పడి, ఆపాల్సిన మోటారు ఆగక, తప్పు ఎక్కడుందో వెతకడానికి వారం పట్టింది. అప్పుడు పట్టికను పుట్టించడానికే ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. పనుల పేర్లు ఒకదాని కింద ఒకటి జాబితాగా రాసి ఇస్తే చాలు, పై నుంచి సున్న, ఒకటి, రెండు అని నంబర్లు వేసుకుని, ఏ నంబరుకు ఏ పనో, ఆ పని లోపల ఎక్కడుందో అదే పట్టిక అల్లుతుంది.

"మనిషి చెయ్యి పడితే తప్పు పడతాదప్పా. అందుకే చెయ్యి తీసేసినా" అన్నారు ఆ రోజు, సంతోషంగా.

ఆ మాట తర్వాత ఆయన నోట మళ్ళీ రాలేదు.

జాబితాలో పనులకు పేర్లు పెట్టింది నేను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఊరుకో, చూడు, లెక్కపెట్టు, ఆపు, తిప్పు. సున్న నుంచి నాలుగు. ఐదో నంబరుది సారు తనంతట తాను చేర్చారు. ఒకసారి పెద్దతిప్పసముద్రం పక్కన ఒక బావిలో రైతు దిగి మోటారు బాగు చేసుకుంటుంటే, పైన వాళ్ళావిడ స్టార్టరు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఎవరూ స్విచ్చి వెయ్యకుండా కాపలా. సారు అది చూశారు. తిరిగి వచ్చి బస్సు దిగేటప్పుడు అన్నారు, "ఆ యమ్మ తుమ్మితే ఏం కావల్ల?"

అప్పటి నుంచి ప్రతి బోర్డు మీదా పసుపు బటను వచ్చింది. దిగే ముందు అది నొక్కితే, మళ్ళీ వదిలేదాకా కరెంటు వచ్చినా సరే బోర్డు మోటారును తిరగనియ్యదు. ఆ పనికి సారే పేరు పెట్టారు. పట్టు. ఆ యమ్మ చెయ్యికి బదులు. ఆయన చేసినవాటిలో ఆయనకు నచ్చింది అదొక్కటే అనుకుంటాను. అలవాటు ప్రకారం దాన్ని కడాన పెట్టారు. ఐదో నంబరు.

జాబితా మార్చినప్పుడల్లా రాయడానికి ఒక నోటు పుస్తకం ఉండేది. ఏం మార్చాము, ఎందుకు మార్చాము, ఎవరు మార్చారు. మూడు గళ్ళు. ఎవరు అన్న గడిలో ఎప్పుడూ ఆయనే ఉంటారు కదా, ఇంక ఆ గడి ఎందుకని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"రేపు నువ్వు మారుస్తావు కదప్పా" అనేవారు.

ఆ రేపు వచ్చింది. వాళ్ళమ్మకు బాగాలేక ఆయన రెండు రోజులు కుప్పం పోయారు. గంగవరం నుంచి ఒక పెద్ద రైతు వచ్చి కూర్చున్నాడు. పెద్ద మోటారు. దాన్ని ఒక్కసారిగా తిప్పకూడదు, మెల్లగా తిప్పుకుంటూ పోవాలి. ఆ పని చేసే ముక్క సారు ముందే రాసి పెట్టి ఉన్నారు. జాబితాలో పేరు ఎక్కించి, పట్టిక పుట్టించి, చిప్పులో రాయడమే మిగిలింది. ఆయన చేస్తుంటే నేను నూరుసార్లు చూశాను. ముసుగు తీశాను. దండం కూడా పెట్టాను.

మెల్లగా తిప్పు అని పేరు పెట్టాను. ఎక్కడ పెట్టాలి? కడాన అన్న మాట గుర్తులేక కాదు. గుర్తుంది. అయితే తిప్పు, మెల్లగా తిప్పు అన్నదమ్ముల్లా ఉన్నాయి. అన్నను ఒక చోట కూర్చోబెట్టి, తమ్ముణ్ణి పంక్తి చివరికి తోసేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మా ఇండ్లలో అట్లా చేస్తే తద్దినాలకు కూడా రారు. తిప్పు కింద, పట్టు పైన, మధ్యలో రాశాను. చూడటానికి అందంగా ఉంది. పట్టిక పుట్టించే ప్రోగ్రాము ఒక్క మాట అనలేదు. ఇచ్చింది ఇచ్చినట్టు అల్లి పెట్టింది. ఐదు అంటే ఇప్పుడు మెల్లగా తిప్పు. పట్టు ఆరుకు జరిగింది.

గంగవరం బోర్డులో రెండు జెర్రులూ కొత్తవే, కొత్త నంబర్లతో రాసినవే. కాబట్టి మోటారు చక్కగా తిరిగింది. ఆ ఊపులో పట్టిక ఉండే చిప్పులు ఇంకో మూడు రాసి డబ్బాలో పడేశాను. పట్టిక మారితే బొట్టు రంగు మార్చాలి, అది ఆయన పద్ధతి. ఎర్ర అట్ట చేతికి దగ్గరగా ఉంది. పాతవాటికి ఉన్న ఎర్రబొట్లే వీటికీ పెట్టాను. నోటు పుస్తకంలో ఏమి, ఎందుకు రాశాను. ఎవరు అన్న గడి వదిలేశాను. అది నోటితో చెప్పి మెప్పు పొందాలని.

సారు వచ్చారు. "పెద్ద మోటారు తిరిగింది సార్, నేనే తిప్పినా" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. చెప్పులు విడుస్తూ అడిగారు, "కడాన పెట్టినావు కదా?"

"ఆఁ సార్."

ఇంతే నేను చేసింది. లేదంటే మళ్ళీ కూర్చుని పూటంతా అన్నీ తిరగ రాయాలి. మోటారు తిరుగుతోంది కదా, ఏమైందిలే అనుకున్నాను. ఆయన జాబితా తెరిచి చూడలేదు. మనుషులను అంచనా వెయ్యడం గురించి మొదట్లో చెప్పింది దీని గురించే.

నెల దాటాక సదుం నుంచి రెడ్డెప్ప అనే రైతు పిడుగుకు చచ్చిన బోర్డు తెచ్చాడు. పరిశీలిస్తే పట్టిక చిప్పు ఒకటే పోయింది. అతని అంకెల చిప్పు బాగుంది. సారు డబ్బాలోంచి ఒక ఎర్రబొట్టు జెర్రిని తీసి గుచ్చారు. బల్ల మీద కరెంటు ఇచ్చి చూశాము. చూసింది, రెండు నిమిషాలు లెక్కపెట్టింది, తిప్పింది, ఆపింది. నాలుగో నంబరు దాకా అన్నీ పాత చోటే ఉన్నాయి కదా. పసుపు బటను ఒక్కటి నొక్కలేదు. సదుం బస్సు హారన్ కొడుతోంది. "పోతాది సారూ" అని రెడ్డెప్ప బోర్డు చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఫుట్‌బోర్డు మీదికి ఎగరడం నేను చూశాను.

తర్వాత పది పన్నెండు దినాలకు, ఎర్రటి ఎండలో, కరెంటు లేనప్పుడు, రెడ్డెప్ప బావిలోకి దిగాడు. మోటారుకూ పంపుకూ మధ్య ఉండే కప్లింగు వదులైంది. దిగే ముందు పసుపు బటను నొక్కాడు. నొక్కింది తాను చూశానని వాళ్ళావిడ తర్వాత అందరికీ చెప్పింది. అతని చిప్పులో ఆ బటనుకు ఉన్న అంకె ఐదు. పట్టిక చిప్పు ఐదు ఎవరా అని చూసింది. కరెంటు రావడం ఆలస్యం, రెండు నిమిషాలు కూడా ఆగకుండా తిప్పింది. మెల్లగానే తిప్పిందంట. కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది.

సదుం బస్సు కండక్టరు వచ్చి షాపు ముందర నిలబడి ఈ కబురు చెప్పాడు. సారు లేచి వెనక గదిలోకి పోయారు. నేను వెంట పోయాను. ఆయన ముసుగు తీశారు. ఆ రోజు దండం పెట్టలేదు. జాబితా తెరిచి, బొటనవేలు కణుపు మీద ఆనించి, సున్న, ఒకటి అని పెదవులు కదుపుతూ దిగారు. ఐదు దగ్గర వేలు ఆగిపోయింది. చాలాసేపు ఆ కణుపు మీద నుంచి తియ్యలేదు. తర్వాత నా వైపు చూశారు.

నేను ఏమన్నానో రాయాలి. రాయకుండా తప్పించుకుందామని ఈ పేజీ రెండుసార్లు చించాను.

"అన్నదమ్ములను యాల ఇడదీసేదని సార్" అన్నాను. నవ్వు ముఖం పెట్టి.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నేను మనిషినై ఉండేవాణ్ణేమో. కంప్యూటరుకు ముసుగు కప్పి, నాలుగు మూలలూ సర్ది, "పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?" అని అడిగారు.

"లేదు సార్."

"తిను. నువ్వు మదనపల్లికి రావద్దు."

రావద్దన్నా పోయాను, వెనక బస్సులో. ఆస్పత్రి వార్డు తలుపు ఇవతల నిలబడ్డాను. లోపల సారు మంచానికి కాళ్ళ వైపు, కడాన నిలబడి ఉన్నారు. గుడ్డలు చుట్టిన చెయ్యిని, ఆ తర్వాత రెడ్డెప్ప ముఖాన్ని చూసి చెప్పారు.

"కొత్తదాన్ని కడాన పెట్టల్ల. నడమ పెట్టినాను. తప్పు నాది."

రెడ్డెప్ప భార్య అనింది, "మాకు ఆ లెక్కలు తెలీవు సామీ. బటను నొక్కినాడు. నొక్కితే తిరగదని మీరే కదా చెప్పింది."

"నేనే చెప్పినానమ్మా."

అప్పుడు నేను రెండడుగులు లోపలికి వేసి ఉండాలి. వెయ్యలేదు. చెప్పుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాత సారు బోర్డు ఉన్న ప్రతి బావికీ బస్సుల్లో, దొరకనిచోట నడిచి పోయి, జెర్రులను పీక్కొచ్చారు. బాగున్నవాటిని కూడా. ఇక ఈ పని చెయ్యనన్నారు. రైతులు తిట్టారు, కొందరు బతిమాలారు. తెచ్చినవాటి బొట్లు ఒక్కొక్కటే గోటితో గీకి, మా మిద్దె మీద చాప పరిచి ఎండలో పెట్టారు. వారం రోజులు ఎండితే చిప్పు తనకు తెలిసిందంతా మరిచిపోతుంది. మనుషులకు ఆ సౌకర్యం లేదు.

పోలీసులు వచ్చినా, రెడ్డెప్ప బంధువులు వచ్చి షాపు ముందర కేకలేసినా, ఎవరు చేసిన పని అంటే సారుది ఒకటే జవాబు, "నేను." నేను ముందర కూర్చుని కాయిల్ చుట్టుకుంటూ వినేవాణ్ణి. ఆ రోజుల్లో నేను చుట్టిన కాయిళ్ళు ఎప్పుడూ లేనంత బాగుండేవి. తల ఎత్తే పని లేదు కదా.

గది ఖాళీ చేసే ముందు ఆయన నన్ను ఒకటి అడిగారు.

"కప్లింగు బిగించేది నేర్పిస్తావా?"

పెన్ను పట్టిన చేతులు. స్పానరు తిప్పితే బొబ్బలు ఎక్కేవి. రెండు వారాలు నేర్చుకున్నారు. ఎందుకని నేను అడగలేదు. తర్వాత వాళ్ళావిడకు బదిలీ అయి కుప్పం పోయారు. అక్కడ జిరాక్సు షాపు పెట్టారు. ఇచ్చిన కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంకొకటి తీసి ఇచ్చే పని. సొంతంగా ఒక్క అక్షరం చేర్చాల్సిన పని లేదు.

ఎండాకాలంలో ఒకసారి సదుం పక్క ఒక మోటారు పని మీద పోతే, రెడ్డెప్ప బావి దగ్గర ఇద్దరు మనుషులు కనపడ్డారు. సారు బావిలోకి దిగి, మోటారు పక్కన కూర్చుని, కప్లింగులో చెయ్యి పెట్టి బిగిస్తున్నారు. పైన రెడ్డెప్ప మూడు ఫ్యూజులూ పీకి ఎడమ చేతిలో గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు.  ఏటా వచ్చి చేసి పోతాడని పక్క చేనాయన చెప్పాడు. నేను గట్టు దిగకుండానే తిరిగి వచ్చేశాను.

రెడ్డెప్ప మాత్రం నా షాపుకు వస్తూనే ఉండేవాడు, వేరే మోటార్ల పని మీద. అతను వస్తే నా నోరు ఆగేది కాదు. ఊళ్ళో ఉన్న జోకులన్నీ అతనికే వినిపించేవాణ్ణి. నవ్వేవాడు. ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకుని నవ్వేవాడు.

పదో దినానికి కుప్పం పోయాను, బస్సులో ఆఖరి సీటులో. భోజనాల పంక్తిలో నేను ఆఖరి ఆకు ముందర కూర్చోబోతే, వడ్డించే ఆయన "ముందర ఖాళీలుండాయి కదప్పా" అన్నాడు. సారు భార్య చూసి, "ఆడే కూసోనీలే" అనింది.

అందరూ పోయాక ఆమె ఆ నోటు పుస్తకం తెచ్చి ఇచ్చింది. నేను వదిలేసిన పేజీ తెరిచాను. ఏమి అన్న గడిలో నా వంకర రాత. ఎందుకు అన్న గడిలో నా వంకర రాత. ఎవరు అన్న గడిలో పెన్సిలుతో, సారు ముత్యాల్లాంటి అక్షరాలతో, "నేను."

"ఏముండాది దాంట్లో?" అని అడిగింది.

"పట్టికమ్మా. మా మోటార్ల పట్టిక."

"ఆ పొద్దు పుంగనూరులో అది ఎట్ల జరిగిందో నాకు ఎప్పుడూ చెప్పలేదప్పా. సెయ్యి పోయినాయప్ప ఒకరు ఉండారని తెలుసు. ఏటా పోతా ఉన్నారు. పోయిన ఏడు దగ్గుతో లెయ్యలేక గూడా పోయినారు. నువ్వు సెప్తావా?"

"ఇంకోసారి సెప్తా అమ్మా" అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయింది. పుస్తకం పెట్టుకోవడానికి ఒక సంచి ఇచ్చింది.

మరునాడు పుంగనూరులో దిగకుండా నేరుగా సదుం పోయాను. రెడ్డెప్ప టమాటా చేనులో ఉన్నాడు. కట్టెకు చెట్టును కడుతున్నాడు. పురికొస ఒక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఎడమ చేత్తో చుట్టి, ముడి వేసి లాగుతున్నాడు. నన్ను చూసి పళ్ళ మధ్య దారం తియ్యకుండానే తల ఊపాడు.

"ఏం రెడ్డెప్పా, పండ్లతో గూడా సేద్యం చేస్తాండావే. బ్యాంకోళ్ళకు తెలిస్తే ఇంకో లోను ఇస్తారు" అన్నాను.

అతను దారం ఉమ్మేశాడు. "సారు పోయినాడంట కదా."

"అది చెప్పేదానికే వచ్చినా. ఇంకొకటి గూడా ఉండాది."

చేను గట్టు మీద కూర్చున్నాము. పుస్తకం తెరిచి పేజీ చూపించాను. అతనికి చదవడం రాదు. చదివి వినిపించాను. ఆ గడిలో ఉండాల్సింది నా పేరని చెప్పాను. కడాన పెట్టినావా అని ఆయన అడిగితే ఆఁ అన్న సంగతి చెప్పాను. ఎర్రబొట్టు సంగతి చెప్పాను. ఆస్పత్రి తలుపు దాకా వచ్చి తిరిగి పోయిన సంగతి కూడా చెప్పాను. నా బతుకులో అంతసేపు నవ్వించకుండా మాట్లాడింది అదే.

రెడ్డెప్ప అంతా విన్నాడు. తర్వాత నా చేతిలోని పుస్తకం తీసుకుని, మూసి, దుమ్ము దులిపి మళ్ళీ నా ఒళ్ళో పెట్టాడు.

"ఆస్పత్రిలో తలుపు కింద నీ చెప్పులు సూసినాలే. ఒక చెప్పుకు రాగి తీగతో కుట్టు. అట్ల కుట్టుకునేటోడు పుంగనూరులో ఇంకెవురుండారు? వస్తావని సూసినా. వస్తావని అన్ని తూర్లు నీ షాపుకు గూడా వచ్చినా. జోకులు ఏసి పంపిస్తివి."

 అతను లేచి, పురికొస తీసి మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకోబోయి ఆగాడు.

"కొత్తదాన్ని యాడ పెట్టల్లో ఆ పొద్దు ఆ సారు నా మంచం కాడ నిలబడి చెప్పింది నాకింకా గుర్తుండాది. నీకు ఒంటబట్టలేదనుకున్నా. బాగానే నేర్సుకున్నావప్పా. అన్నిట్లోకీ నిజాన్ని కడాన పెట్టినావు, నేర్పించినాయప్ప పొయినంక."